పాత మీటరుతో మాట కలపడం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఆదివారం ఉదయం, పాత మీటరును కంప్యూటర్‌తో కలపడం గురించి తెలుగులో జరిగిన ప్రసంగం ఇది. వక్త కాగితం మిల్లులో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న ఏర్పాటు చెప్పాలి. రెండో వరసలో ఒడియా పిల్లలు కూర్చున్నారు. వీళ్లకు బజారు తెలుగు బాగానే వచ్చు, కానీ కెపాసిటర్ల తెలుగు అంటే కొంచెం కష్టం. అందుకని మాస్టారు పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు ఒడియాలో చెబుతానన్నారు. మాస్టారూ, నేను పరుగెత్తితే చెయ్యి ఎత్తండి, ఆగుతాను. మీరు చెయ్యి దించాకే మళ్లీ నోరు తెరుస్తాను. ఈ ఏర్పాటును మిగతావాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీనితో పని పడుతుంది.

బల్ల మీద ఉన్న ఈ పెట్టె పేరు 3478ఏ. హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్ల మల్టీమీటరు, అంటే వోల్టులు, ఓములు లాంటివి కొలిచే పెట్టె, 1980ల తొలినాళ్లది. మీలో చాలామంది కంటే వయసులో పెద్దది, కాబట్టి మీరు దీన్ని అన్నగారూ అని పిలవచ్చు. ఐదున్నర అంకెల మీటరు. అంటే 3 వోల్టుల రేంజిలో పెడితే 10 మైక్రోవోల్టుల తేడా కూడా చూపిస్తుంది. మీ జేబులో పట్టే మీటరు 1.52 అని ఊరుకుంటే ఇది 1.52347 అంటుంది. విశాఖలో పాత సామాను వేలంలో ఇలాంటివి రెండు కొన్నాను. రెండు అన్నాను కదా, ఇక్కడ ఒకటే ఉందేమిటి అని అడగరేం? మొదటిదాన్ని నేనే చంపాను. ఈ రోజు ప్రసంగం నిజానికి ఆ హత్య గురించే.

ఈ మీటరు లోపల మూతకు దగ్గరగా ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది. 3 వోల్టులది, బోర్డుకు సోల్డరు చేసి ఉంటుంది. అది ఏం చేస్తుంది? మీటరును నడపదు. మీటరు కరెంటుతోనే నడుస్తుంది. బ్యాటరీ ఒక చిన్న జ్ఞాపకశాలను బతికిస్తుంది. 256 గదులున్న మెమరీ చిప్పు, గదికి నాలుగు బిట్లు. ఫ్యాక్టరీలో దీన్ని ప్రమాణ వోల్టేజీలతో సరిచూసినప్పుడు, ఈ రేంజిలో ఇంత తప్పు ఉంది, ఇంత కలపాలి, ఇంతతో హెచ్చవేయాలి అని రాసిపెట్టిన అంకెలన్నీ ఆ 256 గదుల్లోనే ఉంటాయి. మీటరు ప్రాణం అందులో ఉంది. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు.

ఇది నాకు అప్పుడు తెలియదు. బ్యాటరీ ముసలిదైంది, కొత్తది వేద్దాం అనుకున్నాను. నేను జాగ్రత్తపరుణ్ని కదా! స్విచ్చి ఆపాను. ప్లగ్గు పీకాను. ఐదు నిమిషాలు ఆగాను. పాత బ్యాటరీ తీశాను, కొత్తది పెట్టాను, మూత బిగించాను. ఎంత శుభ్రంగా చేశానంటే మిల్లులో మా ఫోర్‌మన్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు. స్విచ్చి వేశాను. ఈ కిటికీ చూశారా, ఇందులో సరిగ్గా 12 అక్షరాలు పడతాయి. 12 అక్షరాలూ నిండుగా వచ్చాయి. అన్‌క్యాలిబ్రేటెడ్ అని, అంటే ప్రమాణంతో సరిచూడనిది అని. ఇంగ్లీషులో ఆ మాటకు 12 అక్షరాలే. ఆ కిటికీని ఆ మాట కోసమే కొలిచి చేశారా అనిపించింది నాకు.

మళ్లీ సరిచేయించవచ్చు కదా అంటారు. చేయించవచ్చు. దానికి ఈ మీటరు కంటే నిక్కచ్చిగా ఉండే ప్రమాణ పరికరాలు కావాలి. అవి ఉన్న ప్రయోగశాల మన చుట్టుపక్కల లేదు. అక్కడిదాకా పంపి చేయించే ఖర్చు నేను మీటరుకు పెట్టిన ధరను దాటిపోయింది. దాంతో అది అటక మీదికి వెళ్లింది, విడిభాగాల కోసం.

రెండోదాన్ని చంపకూడదు. మరి ఏం చేయాలి? బ్యాటరీ ముట్టుకునే ముందే ఆ 256 గదుల్లో ఉన్నది బయట ఎక్కడైనా రాసుకోవాలి. ఎలా? మీటరు ముందు వైపు మీటల్లో అలాంటి మీట లేదు. వెనక వైపు చూడండి, 24 పిన్నుల సాకెట్టు ఉంది. అదే దారి.

ఈ సాకెట్టు కథ క్లుప్తంగా చెబుతాను. పరికరాలను కంప్యూటర్‌తో కలపడానికి హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లే ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. 1975లో అది అందరికీ ప్రమాణమైంది, ఐఈఈఈ 488 అన్న పేరుతో. మామూలుగా జీపీఐబీ అంటారు. ఒకే తీగల మీద 15 పరికరాల దాకా తగిలించవచ్చు. మొత్తం కేబుల్ 20 మీటర్లు దాటకూడదు. అప్పటి కంప్యూటర్లలో దీనికోసం వేరే కార్డు ఉండేది. ఇప్పటి లాప్‌టాప్‌లో ఉన్నది యూఎస్‌బీ. అటు చూస్తే 24 పిన్నులు, ఇటు చూస్తే ఆ బుల్లి కన్నం. రెండూ కలవవు.

కలవనివాటిని కలపడం ఈ ఊరివాళ్లకు ఎవరైనా నేర్పాలా? ముందు వరసలో పెద్దవాళ్లు ఉన్నారు, నౌపడా స్టేషను గుర్తుందా? మన చిన్న రైలు 1900లో వచ్చింది. రెండున్నర అడుగుల పట్టాలు. నౌపడాలో పెద్ద లైను. చిన్న బండి పెద్ద పట్టాల మీద నడవదు, పెద్ద బండి చిన్న పట్టాల మీద నడవదు. అక్కడ ఏం చేసేవాళ్లు? మూట దించి, మోసుకెళ్లి, అటు బండిలో ఎక్కించేవాళ్లు. మూటలో ఉన్న బియ్యం మారలేదు, బండి మాత్రమే మారింది. ఇంటర్‌ఫేస్ అంటే నౌపడా స్టేషను. అంతే. మీటరుకూ లాప్‌టాప్‌కూ మధ్య నేను పెట్టిన ఈ పచ్చటి డబ్బాలో ఉన్నది మన నౌపడా.

లోపల ఏముందో చూస్తే నవ్వుతారు. ఒక ఆర్డుయినో నానో. బొటనవేలంత బోర్డు, మీరందరూ ప్రాజెక్టుల్లో దీపాలు వెలిగించి వదిలేసేది. దాని మీద ఉన్న ఏటీమెగా 328 అనే మైక్రోకంట్రోలర్, అంటే ఒక్క చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్, 5 వోల్టులతో నడుస్తుంది. జీపీఐబీ కూడా 5 వోల్టులదే, అందుకే దాన్ని ఎంచుకున్నాను. సంకేతాల తీగలు ఎన్ని? డేటాకు 8, మర్యాదకు 3, అదేమిటో కాసేపట్లో చెబుతాను, అజమాయిషీకి 5. మొత్తం 16. మిగిలిన 8 పిన్నులూ గ్రౌండు, కవచం. మరి నానోలో మనకు దొరికే కాళ్లు ఎన్ని? కంప్యూటర్‌తో మాట్లాడే రెండూ పోతే 18. అందులో 13వ కాలికి బోర్డు మీదే ఒక ఎల్‌ఈడీ వేలాడుతూ ఉంటుంది, దాన్ని నేను నమ్మను. 17 ఉన్నాయి, 16 కావాలి. ఒకటి మిగిలింది. ఇంట్లో సరుకుల లెక్క కూడా నాకు ఎప్పుడూ ఇంత బాగా కుదరలేదు.

సాకెట్టుకు తగిన కనెక్టర్ దొరకలేదు. ఏం చేశానో చెప్పనా? పాత ప్రింటర్ల 36 పిన్నుల కనెక్టర్ గుర్తుందా, రెండు వైపులా వైరు క్లిప్పులతో? అదీ ఇదీ ఒకే జాతి. పిన్నుల మధ్య దూరం ఒకటే. హాక్సా బ్లేడుతో 24 పిన్నుల దగ్గర కోసి, అంచును ఆకురాయితో అరగదీసి పెట్టాను. చూడండి, ఇక్కడ కొంచెం వంకర. వంకరైనా పనిచేస్తోంది.

ఇక మూడు తీగల మర్యాద. అసలు విషయం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

జీపీఐబీలో మామూలుగా ఏ తీగనూ ఎవరూ పైకి ఎత్తరు. ఇది వినండి, మళ్లీ చెబుతాను. ఎవరూ పైకి ఎత్తరు. ప్రతి పరికరంలోనూ ఒక రెసిస్టరు ఆ తీగను తనంతట తాను పైకి లాగుతూ ఉంటుంది. మన పని రెండే. కిందికి నొక్కి పట్టుకోవడం, లేదా వదిలేయడం. కింద ఉంటే అవును అని అర్థం, పైన ఉంటే కాదు అని. మన అలవాటుకు తలకిందులు. ఒక తీగను ముగ్గురు పట్టుకుని ఉంటే, ఇద్దరు వదిలినా అది పైకి రాదు. ముగ్గురూ వదిలితేనే లేస్తుంది.

నేను మొదటిసారి ఏం చేశాను? దీపం వెలిగించే అలవాటు కదా, పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టి హై అన్నాను. అంటే బలవంతంగా పైకి ఎత్తాను. అటు మీటరు కిందికి నొక్కుతోంది, ఇటు నేను పైకి నెడుతున్నాను. నానో కాస్త వేడెక్కింది. నాకు చిరాకెత్తింది. ఒక్క అక్షరం రాలేదు. రెండు రాత్రులు ప్రోగ్రాములో తప్పు వెతికాను. తప్పు ప్రోగ్రాములో లేదు, నా ధోరణిలో ఉంది. ఎత్తొద్దు, వదలండి. వదలడం అంటే పిన్నును ఇన్‌పుట్‌గా మార్చేయడం, లోపలి పుల్అప్, అంటే పైకి లాగే రెసిస్టరు, పెట్టడం. నొక్కడం అంటే అవుట్‌పుట్ చేసి లో పెట్టడం. ఈ రెండే. రాసుకుంటున్నారా? ఎత్తొద్దు, వదలండి.

ఇప్పుడు ఆ మూడు తీగల పేర్లు. మొదటిది ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ. నేనింకా సిద్ధంగా లేను అని దాని అర్థం. వినేవాడు పట్టుకునే తీగ. రెండోది డీఏవీ. ఇదిగో మాట, చెల్లుతుంది, తీసుకో అని అర్థం. మాట్లాడేవాడి తీగ. మూడోది ఎన్‌డీఏసీ. నేనింకా తీసుకోలేదు అని. ఇదీ వినేవాడిదే.

మాస్టారు చెయ్యి ఎత్తారు. ఆగుతున్నాను.

చూశారా ఇప్పుడేం జరిగిందో? మాస్టారు చెయ్యి ఎత్తారు, నేను ఆగాను. అదే ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ! ఆయన సిద్ధంగా లేరు. తెలుగు మాత్రమే వింటున్నవాళ్లు ఎప్పుడో సిద్ధం, అయినా నేను ఆగాను. ఎందుకు? ఒక్కరు పట్టుకున్నా చాలు, తీగ కిందే ఉంటుంది.

మరి ఎన్‌డీఏసీ? దానికి పంక్తి భోజనం కావాలి. ఒక వరసలో 20 మంది కూర్చున్నారు. పెరుగన్నం అయిపోయింది. కుర్రవాడికి లేవాలని ఉంది, వీధిలో స్నేహితులు ఎదురుచూస్తున్నారు. లేస్తాడా? చివర తాతగారు ఇంకా ఒక్కో మెతుకూ ఏరుకుని తింటున్నారు. ఆయన విస్తరి మడిచేదాకా వరస లేవదు. వడ్డించేవాడు కూడా తర్వాతి పంక్తికి విస్తళ్లు వెయ్యడు. జీపీఐబీ అచ్చంగా ఇదే. వరసలో అందరికంటే నెమ్మదైన పరికరం ఎవరో, ఆ పరికరం వేగమే అందరి వేగం. ఇలా చేసినవాళ్లు ఎక్కడి పంక్తిలో కూర్చున్నారో నాకు తెలియదు గానీ, మర్యాద మాత్రం తెలిసినవాళ్లు.

ఒక్క అక్షరం దాటే క్రమం చెబుతాను. వినేవాళ్లందరూ ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ వదులుతారు, అది పైకి లేస్తుంది. మాట్లాడేవాడు అప్పటికే 8 తీగల మీద అక్షరం పెట్టి ఉంటాడు, ఇప్పుడు డీఏవీ నొక్కుతాడు. వినేవాళ్లు మళ్లీ ఎన్‌ఆర్‌ఎఫ్‌డీ పట్టుకుంటారు, అక్షరం చదువుకుంటారు, చదివాక ఎన్‌డీఏసీ వదులుతారు. చివరివాడు కూడా వదిలాక అది లేస్తుంది. మాట్లాడేవాడు డీఏవీ వదులుతాడు. వినేవాళ్లు ఎన్‌డీఏసీ మళ్లీ పట్టుకుంటారు. ఒక అక్షరం అయింది. ఇంకో అక్షరానికి మళ్లీ మొదటి నుంచి. ఇందులో గడియారం ఎక్కడైనా ఉందా? లేదు. ఇన్ని మైక్రోసెకన్లలో చదవాలి అన్న నియమం ఉందా? లేదు. అందుకే మన చవక నానో 40 ఏళ్ల నాటి మీటరుతో నిభాయించుకు వస్తోంది. నానో ఆలస్యం చేస్తే మీటరు ఆగుతుంది, మీటరు ఆలస్యం చేస్తే నానో ఆగుతుంది. ఒక్క హెచ్చరిక. మీ ప్రోగ్రాములో కాలపరిమితి పెట్టండి. అవతల మీటరు స్విచ్చి ఆపేసి ఉంటే నానో యుగాంతందాకా ఆగుతుంది.

వెనక బెంచీలో అబ్బాయి చెయ్యి ఎత్తాడు, నువ్వు ఎన్‌ఆర్‌ఎఫ్‌డీవా, ప్రశ్నవా? ప్రశ్నే. అడుగు నాయనా. నానో ఒక్కటీ 15 పరికరాలను లాగగలదా అంటున్నాడు. మంచి ప్రశ్న. లాగలేదు. ఒక్కో పరికరం తీగకు 3.2 మిల్లీయాంపియర్ల దాకా భారం అనుకోవాలి, 15 అయితే 48. నానో కాలు మీద 20 దాటించకండి. నా బల్ల మీద మూడు పరికరాల దాకా నేరుగా కలిపి నడిపాను, ఇబ్బంది లేదు. పెద్ద వరస కావాలంటే 75160, 75161 అని దీనికోసమే చేసిన చిప్పులున్నాయి, మధ్యలో పెట్టుకోండి. ఇంకో మాట, నానోకు కరెంటు లేకపోతే అది తీగలన్నిటినీ తన లోపలికి లాక్కుని కూర్చుంటుంది. మిగతా పరికరాలు కూడా మూగబోతాయి. ఈఎస్‌పీ 32 వాడొచ్చా అని మొన్న ఒక అమ్మాయి అడిగింది. అది 3.3 వోల్టులది. 5 వోల్టుల తీగను దానికి నేరుగా తగిలిస్తే ఇక దాన్ని మరచిపోవాలి.

సరే, మర్యాద అయింది. ఇక పేరు పెట్టి పిలవడం. మీటరు వెనక చిన్న చిన్న స్విచ్చులున్నాయి, వాటితో చిరునామా పెడతారు. 0 నుంచి 30 దాకా. ఈ మీటరుది 23. ఏటీఎన్ అని అజమాయిషీ తీగ ఒకటి ఉంది. అది నొక్కితే అందరూ నోరు మూసుకుని చెవి ఒగ్గాలి, బడి గంటలాగా. ఏటీఎన్ నొక్కి 32కు 23 కలిపి 55 పంపితే, 23వ ఇంటివాడా, విను అని అర్థం. 64కు 23 కలిపి 87 పంపితే, 23వ ఇంటివాడా, మాట్లాడు అని. 63 పంపితే వినేవాళ్లందరికీ సెలవు. అంకె పంపేటప్పుడు బిట్లు తిరగేయడం, అంటే 0ని 1గా, 1ని 0గా మార్చడం మరవకండి. కింద ఉంటే ఒకటి, చెప్పాను కదా.

ఇప్పుడు భాష. ఇది చాలామందికి దెబ్బకొట్టే చోటు. ఈ కాలపు పరికరానికి నువ్వెవరు అన్న ప్రశ్న ఒక ప్రమాణ రూపంలో పంపితే తన పేరు చెబుతుంది. ఆ ఉమ్మడి ఆదేశాలు 1987లో వచ్చాయి, ఎస్‌సీపీఐ అనే ఉమ్మడి భాష 1990లో వచ్చింది. ఈ మీటరు అంతకంటే ముందుది. దానికి ఆ ప్రశ్నే తెలియదు. కుర్రవాళ్లు ఆ ప్రశ్న పంపి, జవాబు రాకపోయేసరికి మీటరు పాడైంది అంటారు. పాడవలేదు నాయనా, దానికి మీ భాష రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి ఏం చేశారు? సవరలు అనే కొండజాతివాళ్లు తెలుగు నేర్చుకుని వచ్చేదాకా కూర్చున్నారా? ఆయనే సవర నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఈ మీటరుకు అంత శ్రమ అక్కర్లేదు. దాని మాన్యువల్లో ఆదేశాల పట్టిక ఒకటే ఉంటుంది. ఎఫ్1 అంటే డీసీ వోల్టులు. ఎఫ్2 ఏసీ వోల్టులు. ఎఫ్3 రెండు తీగల ఓములు, ఎఫ్4 నాలుగు తీగల ఓములు. ఆర్‌ఏ అంటే రేంజి నువ్వే చూసుకో. ఎన్5 అంటే ఐదున్నర అంకెలూ చూపించు. టీ3 అంటే ఒక్కసారి కొలువు. ఎఫ్1ఆర్‌ఏఎన్5టీ3 అని ఒక్క గుక్కలో పంపవచ్చు. అష్టోత్తరం కంటే చిన్నదే.

మొదటిసారి జవాబు వచ్చినప్పుడు నేను ఒక పెన్సిల్ సెల్లు తగిలించి ఉంచాను. కంప్యూటర్ తెర మీద వచ్చింది. ప్లస్ గుర్తు, 1.52347, ఈ అన్న ఇంగ్లీషు అక్షరం, ప్లస్ 0. రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడను లేపి చూపించాను. సెల్లు అంకెలేనా, దానికి మీటరు మీద కనబడదా అంది. కనబడుతుంది. కానీ దూరం నుంచి పిలిస్తే పలికింది కదా!

ఇక అసలు పని, 256 గదులు. దీనికి ఆదేశం డబ్ల్యూ అన్న అక్షరం. డబ్ల్యూ, దాని వెంట గది నంబరు ఒక బైటుగా, అంటే 8 బిట్ల ఒకే అంకెగా పంపితే, ఆ గదిలో ఉన్నదాన్ని ఒక అక్షరంగా చెబుతుంది. 0 ఉంటే అట్ గుర్తు, మెయిల్ చిరునామాలో వాడతాం కదా అది. 1 ఉంటే ఏ, 2 ఉంటే బీ, అలా 15 ఉంటే ఓ. గదులన్నీ వరసగా అడిగే లూపు రాశాను, నడిపాను. 0, 1, 2, 3 అంటూ 9 దాకా చకచకా వచ్చాయి. 10 దగ్గర ఆగిపోయింది.

మళ్లీ నడిపాను. 10 దగ్గరే ఆగింది. ఎందుకో చెప్పగలరా? ప్రోగ్రాములు రాసేవాళ్లున్నారు, ఆలోచించండి. 10 అనే బైటు ఏమిటి? కొత్త వరస గుర్తు! కంప్యూటర్ నుంచి నానోకు ఆదేశం పూర్తయిందని చెప్పడానికి నేను వాడుకుంటున్నది కూడా అదే. పదో గది చూపించు అంటే, నానో ఇక్కడితో వాక్యం అయిపోయింది అనుకుంటోంది. 13 దగ్గర కూడా ఇదే గొడవ. మీటరుది తప్పు లేదు, తీగలది తప్పు లేదు, మధ్యలో దుబాసీది తప్పు. ఏం చేశాను? కంప్యూటర్ నుంచి గది నంబరును అంకెలుగానే పంపాను, ఒకటి, సున్నా అని రెండు అక్షరాలుగా. వాటిని కలిపి బైటు చేసే పని నానోకు అప్పగించాను. మూటను నౌపడాలో విప్పి మళ్లీ కట్టినట్టు. ఆ తర్వాత 255 దాకా ఎక్కడా ఆగలేదు.

వచ్చినవి నిజమైన అంకెలేనా? చెత్త వచ్చి ఉంటే? దీనికి మీటరు తయారుచేసినవాళ్లే ఒక పరీక్ష పెట్టారు. మొదటి గది వదిలేసి, 13 అక్షరాల చొప్పున వరసలు కట్టాలి. ఒక్కో వరసలో మొదటి 6 సున్నా దగ్గర తప్పు ఎంతో చెబుతాయి, తర్వాతి 5 హెచ్చింపు, చివరి 2 సరిచూపు. మొదటి 11 విలువలూ కూడి, చివరి రెండిటి విలువ కలిపితే 255 రావాలి. పెన్సిలు పట్టుకుని చేత్తో కూడాను. మొదటి 11 కలిపితే 23. చివరి రెండూ ఎన్, హెచ్. ఎన్ అంటే 14, దాన్ని పదహారుతో హెచ్చవేస్తే 224. హెచ్ అంటే 8. రెండూ కలిపి 232. 23, 232 కలిపితే 255. చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన పంతులుగారికి ఆ రోజు మనసులో దండం పెట్టాను. మిగతా వరసలన్నీ కంప్యూటరే కూడింది.

ఆ అక్షరాలను కంప్యూటర్‌లో దాచాను, పెన్‌డ్రైవులో దాచాను, అచ్చుతీయించి కాగితం మడిచి మీటరు మూత లోపల అతికించాను. పెన్‌డ్రైవు పోతుంది, కంప్యూటర్ పోతుంది. కాగితం మిల్లులో పనిచేసినవాణ్ని, నా నమ్మకం కాగితం మీదే.

తర్వాత బ్యాటరీ మార్చాను. రెండు పెన్సిల్ సెల్లులు వరసగా కట్టి, మధ్యలో ఒక డయోడు పెట్టి, పాత బ్యాటరీ కాళ్లకు సమాంతరంగా తాత్కాలికంగా అతికించాను. డయోడు ఎందుకు? ఒక బ్యాటరీ ఇంకోదానిలోకి కరెంటు ఎక్కించకుండా. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాక ప్లగ్గు తీసేసి, ఆ వేడితోనే పాతది తీసి కొత్తది పెట్టాను. స్విచ్చి వేశాను. ఏ ఫిర్యాదూ లేదు, తిన్నగా వోల్టులు చూపించింది. అంటే దాచుకున్న అక్షరాలతో పని పడలేదు. పడి ఉంటే ఎక్స్ అన్న ఆదేశంతో గది గదికీ తిరిగి రాయవచ్చు, ముందు వైపు ఉన్న క్యాలిబ్రేషన్ స్విచ్చిని స్క్రూడ్రైవరుతో తిప్పి. ఆ స్విచ్చిని ఊరికే ముట్టుకోకండి.

వెనక సాకెట్టే లేని మీటర్ల సంగతి ఏమిటి అని మన రేడియో మెకానిక్ మిత్రులు ముందే అడిగారు. మన దేశంలో తయారైన పాత నాలుగున్నర అంకెల మీటర్లు చాలా కాలేజీ ల్యాబుల బీరువాల్లో ఉన్నాయి. మూత తీసి చూడండి, కొన్నిటిలో ఐసీఎల్ 7135 అనే చిప్పు ఉంటుంది. దానికి బీయూఎస్‌వై అని ఒక కాలు ఉంది. కొలిచేటప్పుడు అది పైకి ఉంటుంది. అది పైన ఉన్నంతసేపూ గడియారపు తట్లు లెక్కపెట్టి, 10,001 తీసేస్తే మిగిలినదే అంకె. రెండు తీగలు చాలు. ఇంత తేలికైన ఇంటర్‌ఫేస్ నేను ఇంకోటి చూడలేదు.

తేలికే. కానీ ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. అలాంటి మీటరులో లోపలి గ్రౌండు అంటే అసలు గ్రౌండు కాదు. మీరు పట్టుకునే నల్ల తీగే అది. నానో గ్రౌండు దానికి కలిపాను. నానో యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలిపాను. కంప్యూటర్ పెట్టె ఎర్తుకు కలిసి ఉంది. తర్వాత గోడ ప్లగ్గులో 230 వోల్టులు కొలిచాను, నల్ల తీగ ఫేజులో పడింది. ఫేజు నుంచి నల్ల తీగ, అక్కడి నుంచి నానో, యూఎస్‌బీ, ఎర్తు. ఢామ్మని మోగింది. యూఎస్‌బీ కేబుల్ రెండు వేళ్ల మధ్య ఇంత పొడవున నల్లబడింది. నానో మీద చిప్పు పగిలింది. చెయ్యి కంప్యూటర్ మీద లేదు కాబట్టి మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. అమ్మా, ముందు వరస, నవ్వొద్దు. ఇది నవ్వే విషయం కాదు.

దానికి విరుగుడు ఆప్టోకప్లరు. ఒక వైపు చిన్న దీపం, రెండో వైపు ఆ వెలుగు చూసే కన్ను, మధ్యలో తీగ లేదు. నానోను మీటరు వైపే ఉంచండి, దానికి విడిగా ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌తో కరెంటు ఇవ్వండి, కంప్యూటర్ వైపు వెళ్లే ఒకటి రెండు సీరియల్ తీగలను మాత్రమే ఆప్టోకప్లరు దాటించండి. ఈ 3478ఏ మీటరులో ఆ విడదీత లోపలే చేసి పెట్టారు, అందుకే వెనక సాకెట్టుకు ధైర్యంగా తగిలించాం. పాత పరికరం ఏది కొన్నా ఇంకో రెండు పనులు ముందు చెయ్యండి. వెనక వోల్టేజీ 120 మీద ఉందా, 240 మీద ఉందా చూడండి. మూత తీసి, కరెంటు లోపలికి వచ్చే చోట పసుపు రంగులో చీలికలు వేసిన కాగితపు కెపాసిటర్ ఉంటే స్విచ్చి వేయకముందే మార్చండి. లేకపోతే ఇల్లంతా పొగ.

ఇప్పుడు ఒకరు వచ్చి దీనితో మాట కలపండి. రెండో వరసలో చివర కూర్చున్న అమ్మాయి, రామ్మా. ఒడియాలో చెప్పండి మాస్టారూ. డీ2 అన్న ఆదేశం వెంట ఏం రాస్తే అది ఈ కిటికీలో కనబడుతుంది. ఏం రాస్తావు? ఊరి పేరా? రాయి.

చూడండి, పరలాఖెముండి అని బోర్డు మీద ఉన్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. లెక్కపెట్టండి. 14 అక్షరాలు. కిటికీలో 12 పడతాయి. చివరి రెండూ బయట ఉండిపోయాయి, సగం ఊరే వచ్చింది. ఇంట్లో మనం ఏమంటాం? అది కొట్టమ్మా. పీ, ఏ, ఆర్, ఎల్, ఏ... అవును, కే, ఐ, ఎం, ఐ, డీ, ఐ. 11. ఒక గది ఖాళీ కూడా మిగిలింది.

వెనకవాళ్లకు కనబడకపోతే ఒక్కొక్కరుగా ముందుకు రండి. తోసుకోకండి, వచ్చేదాకా అది అలాగే ఉంటుంది.